ఒగ్గేయడం సులువే!

మా ఉత్తరాంధ్ర వైపు వదిలేయడాన్ని ఒగ్గేయడం అంటాం. పాడైన గొడుగు దగ్గర్నుంచి పనికిరాని మనిషి దాకా అన్నింటికీ ఒకటే మాట. ఒగ్గేద్దురూ అంటే అయిపోయినట్టే. పోయినేడాది నేను కూడా ఒక పిల్ల విషయంలో ఆ మాట అనేశాను. అన్నాక వారం రోజులు నిద్ర పట్టలేదు. ఆ వారంలోనే అరవై ఏళ్ల కిందట చనిపోయిన ఒక బడిపంతులు గారు నాకు పరిచయమయ్యారు. ఆయన కథే మీకు చెబుదామని ఈ ప్రయత్నం.

మాది గజపతినగరం. చంపావతి ఏటికి దగ్గర్లోనే మా ఇల్లు. చుట్టుపక్కల ఊళ్లలోని ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఆటల గురించి నాకు తెలిసింది అంతంత మాత్రమే. అయినా సీనియర్ టీచర్ని కదా అని ఆటల కమిటీలో నా పేరు రాసేశారు.

మా ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టులో తొమ్మిదో తరగతి పిల్ల ఒకత్తి ఉంది. బంతి కాలికి తగిలిందంటే ఇక ఎవరికీ చిక్కదు. చూస్తున్నవాళ్లం నోళ్లు వెళ్లబెట్టాల్సిందే. కానీ వారంలో మూడు రోజులు ప్రాక్టీసుకి రాదు. వచ్చిన రోజు ఎవరో ఒకరితో తగువు. మండలం ఆటల్లో పక్క బడి పిల్ల చెంప ఛెళ్లుమనిపించింది. మా పీడీ గారికి ఓపిక నశించింది. ఇలాంటి పిల్లని జట్టులో ఉంచుకుంటే మిగతా పది మందీ పాడైపోతారని హెచ్చెమ్ మేడం దగ్గర గట్టిగా చెప్పారు. మేడం నన్నడిగారు. నేను ఆలోచించకుండానే ఒగ్గేద్దాం మేడం అనేశాను.

ఆ సాయంత్రం వాళ్లమ్మ మా ఇంటికొచ్చింది. ఇటుకబట్టీ పనికి వెళ్లే మనిషి. తండ్రి సంగతి ఊరందరికీ తెలుసు, సంపాదనంతా సారా పాలు. తల్లి పనికెళ్లిన రోజు తమ్ముణ్ణి చూసుకోవాల్సింది ఈ గుంటే. ప్రాక్టీసుకి రాని రోజుల లెక్క అక్కడ తేలింది నాకు. ఆటే లేకపోతే ఇది బడికి కూడా రాదు టీచరమ్మా, రొయ్యల కంపెనీలో పనికి పంపేస్తాను అని చెప్పి, నా జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

ఇంతలో హాస్టల్ నుంచి సెలవులకొచ్చిన మావాడు సెల్‌ఫోన్‌లో ఒక సినిమా పెట్టాడు. 2024లో వచ్చిన హిందీ సినిమా మైదాన్. అజయ్ దేవగన్ కోచ్‌గా వేశాడు. మన హైదరాబాద్ ఆయన కథేనమ్మా అన్నాడు మావాడు. సినిమా అన్నాక కల్పన ఉంటుంది. అందులో నిజమెంతో తెలుసుకుందామని మొదలుపెట్టి, నాలుగు రాత్రులు దొరికిందల్లా చదివాను.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ పిలిచే పేరు రహీం సాబ్. నా వరకూ ఆయన రహీం మాస్టారే.

బడిపంతులే కోచ్

రహీం మాస్టారు 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు, అక్కడి జట్టుకి ఆడారు. డిగ్రీ అయ్యాక పట్టుకున్న ఉద్యోగం పంతులు పనే. కాచిగూడ మిడిల్ స్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి బడుల్లో పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, బడి ఆటల బాధ్యత కూడా నెత్తిన వేసుకున్నారు.

1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. చనిపోయేదాకా ఆ పని వదల్లేదు. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్... ఈ పేర్ల ముందు హైదరాబాద్ ఎక్కడ! అలాంటి చోట హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని ఆయన తయారుచేశారు. 1950లో ఆ జట్టు మోహన్ బగాన్‌ని ఓడించి డ్యూరాండ్ కప్ తెచ్చింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ని 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు ఇంకెవరికీ దక్కనివ్వలేదు.

ఆయన పద్ధతులు చదువుతుంటే నాకు మా ట్రైనింగ్ కాలేజీ రోజులు గుర్తొచ్చాయి. కుడికాలితో బాగా తన్నేవాడికి ఎడమకాలు బద్ధకిస్తుంది కదా. అందుకని బలం లేని కాలితోనే తన్నాలి అనే షరతుతో పోటీలు పెట్టేవారు. బంతిని తన దగ్గరే అట్టేపెట్టుకుని గొప్పలు పోయే కుర్రాళ్ల కోసం, బంతి అందగానే ఇంకొకరికి ఇచ్చేయాలి అనే పోటీలు పెట్టేవారు. తిట్టి చెప్పే బదులు ఆటలోనే నేర్పేవారన్నమాట. ఎక్కాలు రాని పిల్లలతో నేను చింతపిక్కలాట ఆడించినట్టే ఇదీను.

పది గోల్స్ అవమానం

1950 నుంచే దేశపు జట్టుకీ ఆయనే కోచ్. 1951లో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగాయి. ఫైనల్‌లో ఇరాన్‌ని 1-0తో ఓడించి మనవాళ్లు బంగారు పతకం గెలిచారు. ఊరేగింపులూ, దండలూ అయ్యాయి. మరుసటేడాదే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో చిత్తుగా ఓడిపోయారు.

అప్పటికి మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా వట్టికాళ్లతోనే ఆడేవారు. వానలోనూ, చలిలోనూ, బూట్లేసుకున్న వాళ్ల ముందు వట్టికాళ్లు ఏపాటి నిలుస్తాయి? ఆ దెబ్బతోనే మన ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరయ్యాయి.

ఇంకొకరైతే పిల్లలది తప్పని చేతులు దులుపుకునేవారేమో. రహీం మాస్టారు తన పాఠం తనే మార్చుకున్నారు. అప్పట్లో హంగరీ జట్టు ప్రపంచాన్ని ఊపేస్తోంది. గోల్ ముందు నిలబడాల్సిన ఆటగాణ్ణి వాళ్లు కాస్త వెనక్కి జరిపి ఆడించేవారు. అవతలివాళ్లు ఎవర్ని కాపలా కాయాలో తెలియక తికమకపడేవారు. ఆ ఎత్తుని మాస్టారు మన కుర్రాళ్లకి నేర్పించారు.

1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు ఆతిథ్య దేశం ఆస్ట్రేలియానే 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీఫైనల్లో మళ్లీ యుగోస్లావియా చేతిలోనే ఓడిపోయి, చివరికి నాలుగో స్థానంలో నిలిచారు. నాలుగో స్థానమేనా అనుకోకండి. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంత దూరం వెళ్లడం అదే మొదలు, ఇప్పటిదాకా అదే ఆఖరు.

రెండు రూపాయల బూట్లు

ఆ మెల్బోర్న్ జట్టులో ఇరవై ఏళ్ల కుర్రాడొకడున్నాడు. పేరు తులసీదాస్ బలరాం. అతన్ని తీసుకున్న కథ దగ్గర నేను చదవడం ఆపి చాలాసేపు కూర్చున్నాను.

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో తమిళ కుటుంబం వాళ్లది. రెక్కాడితేగానీ డొక్కాడని ఇల్లు. కొడుకు నాలుగక్షరాలు నేర్చుకుని ఏదో ఒక సర్కారు నౌకరీ చూసుకుంటే చాలని తల్లి ముత్తమ్మ ఆశ. ఆ అబ్బాయికేమో బంతి తప్ప లోకం లేదు. పోలీసులు పారేసిన పాత బూట్ల తోలుతో ఒక చెప్పులు కుట్టేవాడి చేత ఫుట్‌బాల్ బూట్లు కుట్టించుకున్నాడట. కూలి రెండు రూపాయలు. ఆ రెండు రూపాయలూ అమ్మని బతిమాలి తెచ్చుకున్నవే.

ఒక మ్యాచ్‌లో అతని ఆట రహీం మాస్టారి కంట్లో పడింది. హైదరాబాద్ వచ్చి ఆడమన్నారు. రాలేనన్నాడు కుర్రాడు. అంత దూరం రోజూ రావడానికి దారి ఖర్చులకి డబ్బుల్లేవు మరి. ఇక్కడ చూడండి, రాలేనన్నవాడిని ఒగ్గేయడం ఎంత సులువు! హైదరాబాద్ గల్లీల్లో ఆడేవాళ్లకి కొదవా? మాస్టారు మాత్రం సైకిల్ మీద వచ్చి వెళ్లడానికి అయ్యే ఖర్చు ఏర్పాటు చేశారు. అంతే. ఆ ఏర్పాటు వల్ల దేశానికి ఒక గొప్ప ఆటగాడు దక్కాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టింది అతనే. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం అని ముగ్గురి పేర్లూ ఒక్క ఊపిరిలో చెప్పేవారు ఆనాటి అభిమానులు. 2023 ఫిబ్రవరిలో కన్నుమూసేదాకా బలరాం తన గురువు గురించి తలుచుకుంటూనే ఉన్నాడు.

ఇది చదివాక నాకు సిగ్గేసింది. మా పిల్ల రావట్లేదని పుస్తకంలో అడ్డగీతలు పెట్టామే తప్ప, ఎందుకు రావట్లేదని మా కమిటీలో ఒక్కరం కూడా అడగలేదు.

దగ్గుతూనే జకార్తాకి

రహీం మాస్టారికి సిగరెట్ల అలవాటు ఎక్కువ. అరవై దశకం మొదలయ్యేసరికి ఊపిరితిత్తుల క్యాన్సర్ పట్టుకుంది. 1962లో జకార్తా ఆసియా క్రీడలకి జట్టుని తీసుకెళ్లే నాటికే ఆయన ఆరోగ్యం బాగా దెబ్బతింది.

మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. తర్వాత థాయ్‌లాండ్ మీద 4-1తో గెలిచారు గానీ, ఆ ఆటలో జర్నైల్ సింగ్ తల పగిలింది. కుట్లు పడ్డాయి. అతను మన రక్షణ గోడ. ఎవరొచ్చినా దాటి వెళ్లనివ్వని మనిషి. దేశ విభజనప్పుడు పదకొండేళ్ల వయసులో ఇంటివాళ్లతో సరిహద్దు దాటి వచ్చిన పంజాబీ కుర్రాడు. జపాన్‌తో మ్యాచ్‌కి అతను లేడు. అది 2-0తో గట్టెక్కారు. ఎదురుగా సెమీఫైనల్. ఏం చేయాలి?

తలకి కుట్లున్నవాడు రక్షణలో ఆడుతూ పదేపదే తలతో బంతిని కొట్టడం ప్రమాదం. పక్కన కూర్చోబెట్టేయడమే క్షేమం. అప్పుడు మాస్టారు ఎవరూ ఊహించని పని చేశారు. జర్నైల్‌ని వెనక నుంచి తీసుకెళ్లి ఏకంగా గోల్ కొట్టే స్థానంలో నిలబెట్టారు! కాలేజీ రోజుల్లో అతను ముందు వరసలో ఆడేవాడన్న సంగతి ఆయనకి తెలుసు. వియత్నాంతో సెమీఫైనల్ 3-2తో గెలిచారు. అందులో ఒక గోల్ ఆ కట్టుకట్టుకున్న తలవాడిదే.

ఫైనల్‌లో మళ్లీ దక్షిణ కొరియా. మన పెద్ద గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, హైదరాబాదీయే, జ్వరం వల్ల అంతకుముందు ఆటలకి లేడు. అతని బదులు ప్రద్యోత్ బర్మన్ బాగానే ఆడుతున్నాడు. అయినా ఫైనల్‌కి మాస్టారు తంగరాజ్‌నే దింపారు. ఆ పొడుగూ ఆ అనుభవమూ అవసరమని ఆయన లెక్క. త్రిలోక్ సింగ్ కాలివేలు దెబ్బతిని ఉంది. అతన్నీ ఆడించారు. ఒకరికి తల, ఒకరికి వేలు, ఒకరికి జ్వరం, కోచ్‌కి క్యాన్సర్! పురిటింట్లో అందరికీ జబ్బే అన్నట్టు లేదూ?

ఇవి చాలవన్నట్టు బయట ఇంకో గొడవ. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారుల్ని ఇండోనేషియా రానివ్వలేదు. అది తప్పని మన దేశానికి చెందిన క్రీడా పెద్ద గురుదత్ సోంధీ అన్నారు. దాంతో జకార్తా జనం మనవాళ్ల మీద మండిపడ్డారు. మన బస్సు కనపడితే గోల. మైదానంలో మన జాతీయ గీతం కూడా వినపడనివ్వలేదు.

ఫైనల్ ముందు రాత్రి మాస్టారు కుర్రాళ్లని దగ్గర కూర్చోబెట్టుకున్నారట. తిట్టలేదు, ఉపన్యాసమివ్వలేదు. రేపు నాకొక కానుక ఇవ్వండర్రా అని అడిగారట, ఆ బంగారు పతకమే ఆ కానుక. ఆయనకెన్ని రోజులున్నాయో ఆయనకి తెలుసు కాబోలు.

1962 సెప్టెంబరు 4. లక్షమంది దాకా జనం, అందులో మనవైపు ఉన్నవాళ్లు గుప్పెడు. పదిహేడో నిమిషంలో పీకే బెనర్జీ గోల్. ఇరవయ్యో నిమిషంలో జర్నైల్ సింగ్ గోల్! ఇంకో ఐదు నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా కొరియా ఒకటి కొట్టింది. మిగిలిన ఆ కాస్త సమయం తంగరాజ్ కోటలా నిలబడ్డాడు. 2-1. మనం గెలిచాం. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకి 1970లో ఒక కాంస్యం వచ్చింది. బంగారం మాత్రం మళ్లీ ఇంతవరకూ రాలేదు.

కానుక అందుకున్న మాస్టారు ఏడాది కూడా బతకలేదు. 1963 జూన్ 11న కన్నుమూశారు. యాభై నాలుగు కూడా నిండలేదు. ఆటలో శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం మొదలైంది 1985లో. అప్పటికి ఆయన పోయి ఇరవై రెండేళ్లు. బలరాంకి కూడా ఊపిరితిత్తుల జబ్బు చేసి, ఇరవై ఏడేళ్లకే ఆట మానుకోవాల్సి వచ్చింది. రహీం మాస్టారి కొడుకు ఎస్.ఎస్. హకీం కూడా రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నవాడే, తర్వాత రిఫరీగా, కోచ్‌గా పేరు తెచ్చుకున్నాడు.

నా మాట నేను వెనక్కి తీసుకున్నాను

రహీం మాస్టారిని దేవుణ్ణి చేయాలని ఇదంతా రాయడం లేదు. ఆయన ఆటగాళ్లని వెనకేసుకొచ్చింది జాలితో కాదు. బలరాం ఆడగలడని తెలుసు, అడ్డం పడుతున్నది దారి ఖర్చని తెలుసుకున్నారు. ఆ అడ్డు తీశారు. జర్నైల్ వెనక ఆడలేడని తెలుసు, ముందు ఆడగలడని తెలుసుకున్నారు. అక్కడ పెట్టారు. మనిషిలో ఏముంది, ఏది అడ్డం పడుతోంది అని విడివిడిగా చూడటం ఆయన విద్య. లెక్కల టీచర్ని, నాకు ముందే తట్టాల్సింది. లెక్క తప్పొస్తే కాగితం చింపేయం కదా, ఏ మెట్టు దగ్గర తప్పిందో చూస్తాం.

సోమవారం నాడు హెచ్చెమ్ మేడం దగ్గరికెళ్లి నా మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. పీడీ గారు ఒప్పుకోలేదు. ఆయన కోపంలోనూ న్యాయముంది. చెంపదెబ్బ తిన్న పిల్ల మాటేమిటి, రోజూ టైముకి వచ్చే మిగతా పిల్లల మాటేమిటి అన్నారు. గంటసేపు వాదులాడుకున్నాక ఒక దారి దొరికింది. ఆ పిల్ల పక్క బడికెళ్లి క్షమాపణ చెప్పాలి. ఒక మ్యాచ్ బయట కూర్చోవాలి. ప్రాక్టీసుకి తమ్ముణ్ణి వెంట తెచ్చుకోవచ్చు. వాడు గట్టు మీద కూర్చుంటాడు, ఎవరో ఒకరం చూసుకుంటాం. వాళ్ల ఊరు నాలుగైదు కిలోమీటర్లు. మా ఇంట్లో మూల పడున్న మావాడి పాత సైకిల్‌కి టైర్లు మార్పించి ఇచ్చాను. ఆ ఉపాయం ఎవరిదో మీకు తెలుసు.

క్షమాపణ చెప్పడానికి ఆ గుంటకి మూడు రోజులు పట్టింది. చెప్పేటప్పుడు తలెత్తలేదట, కానీ చెప్పింది.

తర్వాత మా జట్టు కప్పు గెలిచిందని రాస్తే బాగుండేది. గెలవలేదండీ. జిల్లా ఆటల్లో మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయి వచ్చేశారు. ఆ పిల్ల ఒక గోల్ కొట్టింది, రెండు పోగొట్టింది. మధ్యలో ఒకసారి ఎవరి మీదికో చెయ్యెత్తింది కూడా. ఎత్తిన చెయ్యి మళ్లీ తనే దించేసిందని పీడీ గారు చెప్పారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో నవ్వు చూశాను.

ఇంకా వారంలో ఒకరోజు రాదు. తండ్రి మారలేదు. పది పాసవుతుందో లేదో ఇప్పుడే చెప్పలేను, లెక్కల్లో మాత్రం అత్తెసరు మార్కులే. రొయ్యల కంపెనీ మాట వాళ్లమ్మ మళ్లీ ఎత్తలేదు. పొద్దున్న నేను బస్సు దిగేసరికి బడి గోడకి ఆ పాత సైకిల్ చేరవేసి కనిపిస్తే నాకు ఆ రోజు పాఠం బాగా వస్తుంది. కనిపించకపోతే మొదటి పీరియడ్ అయ్యాక వాళ్లమ్మకి ఫోన్ చేస్తున్నాను.